మొక్కల బండి ఆగిన రోజు

రోహిణి కార్తె, సోమవారం

పొద్దున లేచేసరికి బండి చక్రాలకు చుట్టుకుని తిరిగే ఇనుప పట్టాలు సగం దాకా ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి. రాత్రి హగరి ఏటి వైపు నుంచి గాలి గట్టిగా వీచినట్టుంది. నలుగురం పారలు తీసుకుని తవ్వుకుంటూ పోయాం. బండికి ఇనుప చేతులు ఉన్నాయి గానీ పట్టాల సందుల్లోకి అవి దూరవు. ఆ పని మనుషులదే.

బండికి పెద్దనయ్యాక నాకు ఇది రెండో నెల. అంతకు ముందు చాలా ఏళ్లు ఇదే బండి వెనక నడుస్తూ మొక్కలు నాటాను. రోజూ ఈ దినచర్య రాయడం ఇప్పుడు నా పని. పాత పెద్ద "ఇంత దూరం నడిచాం, ఇన్ని మొక్కలు పెట్టాం" అని రెండు ముక్కలు రాసి ముగించేవాడు. ఆ లెక్కలన్నీ తోడు ఎలాగూ దాచుకుంటుంది. తోడు అంటే బండిలోంచి మాట్లాడే గొంతు. వేళకు లేపేదీ, దారి చెప్పేదీ, మా ఒంటి సంగతులు చూసుకునేదీ అదే. కాబట్టి నేను మనుషుల గురించి రాద్దామనుకుంటున్నాను.

బండి నడిపేది ఎర్రిస్వామన్న. అరవై దాటాడు. చదును నేల మీద బండిని తోడే నడిపేస్తుంది, దిబ్బల మీద మాత్రం స్టీరింగు మనిషి చేతిలోనే ఉండాలని నియమం. పంపులూ పైపులూ ఫక్రుద్దీన్‌వి. వెనక నారుమడి మధులతది. ఆ పిల్లకు ఎవరి గొంతయినా ఇట్టే వచ్చేస్తుంది. ఈ రోజు అచ్చం తోడు గొంతుతో "ఫక్రుద్దీన్ గారూ, మీ ఎడమ కాలి పక్కన పాము ఉంది" అంది. ఫక్రుద్దీన్ పార వదిలేసి బండి మీదికి ఎక్కిపోయాడు.

మా అందరి మణికట్టుకూ పట్టీలు ఉంటాయి. ఆకుపచ్చగా వెలిగితే మనిషి బాగున్నట్టు, పసుపుపచ్చ అయితే అలసినట్టు, ఎర్రబడితే ఇక పని ఆపాలి. పట్టీలు వచ్చాక ఎండదెబ్బకు పడిపోయేవాళ్లు లేరు. మంచిదే. కానీ "ఎట్లుండావు?" అని ఒకరినొకరు అడగడం పోయింది. మనిషి ముఖం వైపు కాకుండా చేతి వైపు చూస్తే సరిపోతోంది కదా.

అందుకే పెద్దనయిన మొదటి వారమే ఒక అలవాటు పెట్టాను. పని మొదలయ్యే ముందు బండి నీడలో కాసేపు ఊరికే కూర్చోవాలి.

"ఊరికే అంటే? బీడీ కాల్చుకోవచ్చునా?" అని ఎర్రిస్వామన్న అడిగాడు.

"వద్దన్నా. గాలి ఎట్ల వస్తాందో, కాళ్లు చేతులు ఎట్లుండాయో చూసుకుంటా కూర్చో. అంతే."

"పెద్ద అయినాక నీకు రోంత తిక్క పట్టిందక్కా" అన్నాడు ఫక్రుద్దీన్.

ఇప్పుడు వాళ్లే ముందు వచ్చి కూర్చుంటున్నారు. ఈ రోజు ఎర్రిస్వామన్న ఉన్నట్టుండి "నా కుడి మోకాలు నొస్తాందమ్మా, నెల దినాలుగా" అన్నాడు. నెల రోజులుగా ఆయన పట్టీ ఆకుపచ్చగానే ఉంది. సీటు కింద దిండు మార్చాం. నొప్పి తగ్గిందని సాయంత్రం చెప్పాడు.

రోహిణి కార్తె, గురువారం

వంట వంతు ఫక్రుద్దీన్‌ది. ఉగ్గాని చేసి, పక్కన మిరపకాయ బజ్జీలు వేశాడు. బజ్జీల కోసం నారుమడికి వెళ్లాల్సిన నీళ్లలో కాసిన్ని కొట్టేశాడని మధులత గొడవ పెట్టుకుని, ఆ బజ్జీలన్నీ తనే తినేసింది.

పని బాగా సాగింది. బండి ముందు భాగం ఎండుగడ్డిని ఇసుకలోకి గుచ్చుతూ చదరంగం పలకలా గళ్లు వేసుకుంటూ పోతుంది. గళ్లలో ఇసుక గాలికి కదలదు. గడి మధ్య ఇనుప చేయి గుంత తీస్తే, మేం తుమ్మో కానుగో రేగో దింపి, వేళ్ల చుట్టూ ఇసుక నొక్కి, నీళ్లు పోస్తాం. గాలి వచ్చేది ఏటి వైపు నుంచి కాబట్టి దిబ్బకు పడమటి వాలు ముందు పట్టుకున్నాం. అది సగం దాటింది. తూర్పు వాలు మిగిలింది. దాని కింద హిరేదిన్నె అనే ఊరూ, ఊరివాళ్ల చెనక్కాయ చేలూ ఉన్నాయి.

మధ్యాహ్నం అనంతపురం నుంచి విరూపాక్ష సార్ ఫోను. ఆయనది మేఘాల ఆఫీసు. మా అవ్వ చిన్నప్పుడు వాన దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేదట. ఇప్పుడు పడమటి కనుమల మీది స్తంభాలు మబ్బుల్ని మళ్లించి పంపుతాయి. ఏ మండలానికి ఏ వారం అన్నది ఆయన చెబుతారు. మాకు ఆరుద్ర కార్తెలో ఇచ్చారు.

"కరిబసమ్మ గారూ, మీ వాన ముందుకు జరిగింది."

"ఎంత ముందుకు సార్?"

"మృగశిర దాటదు. సముద్రం మీద మబ్బు ముందే తయారైపోయింది. దాన్ని అక్కడ పట్టి ఉంచలేం. ఆ లోపు మీ దిబ్బ మొత్తం పూర్తి కావాలి."

గళ్లు వేసి మొక్క పెట్టిన దిబ్బ మీద వాన పడితే మేలు. ఉత్త దిబ్బ మీద పడితే ఇసుకంతా బురదలా జారి హిరేదిన్నె చేల మీద పడుతుంది.

తోడును అడిగాను. రోజుకు ఇంకో ఆరు గంటలు బండి నడిస్తే వానకు ఒక్క రోజు ముందు పని అయిపోతుందని చెప్పింది. "తొందర పని ఉత్తర్వు తీసుకోమంటారా?" అని అడిగింది. తీసుకోమన్నాను. ముగ్గురికీ చెప్పాను. ఎవరూ కాదనలేదు.

మృగశిర కార్తె, బుధవారం

పొద్దున కూర్చోవడం మానేశాం. ఆ కాస్త సేపట్లో ఒక వరుస మొక్కలు పడతాయి.

పని అవుతోంది. పట్టీలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి.

మృగశిర కార్తె, శనివారం

మధులత ఒక వరుస మొత్తం మొక్కల వేళ్లకున్న సంచులు విప్పకుండానే నాటేసింది. వెనక నీళ్లు పోస్తూ వచ్చిన ఫక్రుద్దీన్ చూసి అరిచాడు.

"కండ్లు యాడ పెట్టుకున్న్యావు?"

"ఉండాయి కదా ముఖం మీద. నువ్వు నీళ్లు పోసేది నువ్వు చూసుకో."

ఇద్దరూ అక్కాతమ్ముళ్లలా రోజూ పోట్లాడుకునేవాళ్లే, కానీ ఈ రోజు ఆ గొంతుల్లో నవ్వు లేదు. సంచులు విప్పి ఆ వరుస మళ్లీ నాటాం. అన్నాలప్పుడు ఎవరి ముద్ద వాళ్లు తిని లేచిపోయారు. మధులత తోడు గొంతుతో మాట్లాడి ఎన్ని రోజులైందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. గుర్తు రాలేదు.

నాకు మూడు రోజులుగా తల ఒక పక్క పోటు. రెండు మాత్రలు వేసుకున్నాను. పట్టీ చూసుకున్నాను, ఆకుపచ్చ. అయితే ఏమీ లేదులే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు రాస్తుంటే నాకే వింతగా ఉంది. నా తల నొస్తోందా లేదా అని చేతిని అడుగుతున్నాను.

మృగశిర కార్తె, సోమవారం

ఈ రోజు జరిగింది వరుసగా రాస్తాను.

ఎండ నెత్తిమీదికి వచ్చింది. బండి పడమటి వాలు దాటి తూర్పు వాలు అంచుకు తిరిగింది. ఫక్రుద్దీన్ బండికి ముందు నీళ్ల పైపు లాగుతున్నాడు. నేను పక్కన నడుస్తున్నాను. తోడు "ముందు మెత్తటి ఇసుక, కుడికి తిప్పండి" అంది. బండి తిరగలేదు. మళ్లీ చెప్పింది. తిరగలేదు. ఎడమ పట్టా ఇసుకలోకి దిగబడి, అంత పెద్ద బండి మెల్లగా ఒరుగుతూ ముందుకు జారింది.

"ఫక్రూ!" అని అరిచాను. వాడు వెనక్కి చూసి, పైపు వదిలేసి పక్కకు దొర్లాడు. తోడు బ్రేకులు పట్టేసింది. బండి ముక్కు ఆగిన చోటికీ, వాడు పడిన చోటికీ మధ్య నా చేయి పట్టేంత జాగా ఉంది. అంతే. కొలిచి చూశాను, ఎందుకు కొలిచానో తెలియదు.

ఎర్రిస్వామన్న కిందికి దిగి వచ్చాడు. ఫక్రుద్దీన్ ఒళ్లంతా తడిమి చూసి ఇసుకలోనే కూలబడిపోయాడు.

"నిద్దరపోలేదమ్మా. కండ్లు తెరిచే ఉన్న్యాను. చూస్తానే ఉండా. ఏం చూస్తాండానో తెలీలేదు."

ఆయన పట్టీ ఆకుపచ్చగా వెలుగుతోంది.

"తోడూ, అన్న పట్టీ యాల ఎర్రగా కాలేదు?" అని అడిగాను.

"తొందర పని ఉత్తర్వు ఉన్నప్పుడు అలసట పరిమితి పెరుగుతుంది. నియమం ప్రకారం పెంచాను."

"మాకు చెప్పలేదే?"

"మీరు అడగలేదు."

"పాత పరిమితి అయితే ఇప్పుడు ఎట్లుండును?"

"నలుగురివీ ఎరుపే. అందరికంటే ముందు మీది ఎర్రబడింది."

ఆ మాటకు ముగ్గురూ నా వైపు చూశారు. పెద్దననుకుని అందరి చేతులూ చూస్తూ తిరుగుతున్నదాన్ని, నేనే ముందు పోయాను. సిగ్గు కంటే భయం ఎక్కువ వేసింది. ఈ వారం రోజుల్లో నేను తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ తలతోనే కదా తీసుకున్నది.

"బండి ఆపు తోడూ. ఉత్తర్వు వెనక్కిచ్చేయి" అన్నాను.

"ఆపితే ఎట్లక్కా?" ఫక్రుద్దీన్ ఇంకా ఇసుకలోనే కూర్చుని ఉన్నాడు. "తూర్పు దిబ్బ అట్లే మిగిలిపోతాది. హిరేదిన్నె వాళ్ల చేలు?"

"తెల్సు. పోతే ఆ మాట నేను పోయి వాళ్ల ముఖాన చెప్తా. ఈ బండి నిన్ను తొక్కుంటే ఆ మాట మీ అమ్మకు నేను యాడికని పోయి చెప్పల్ల?"

మధులత పట్టీ విప్పి నా చేతిలో పెట్టింది. మిగతా ఇద్దరూ విప్పారు. నాది కూడా విప్పి నాలుగూ డబ్బాలో పెట్టి మూత వేశాను.

మృగశిర కార్తె, మంగళవారం

ఈ రోజు ఎవరూ ఏమీ చేయకూడదన్నాను. పడుకోవాలి, తినాలి, మళ్లీ పడుకోవాలి. వంట కూడా వద్దు, పెట్టెల్లోని తిండి చాలు.

చెప్పడం చెప్పాను గానీ నేను మాత్రం పంపు జల్లెడలు కడుగుదామని మెల్లగా వెనక్కి వెళ్లాను. ఊరికే ఉంటే తూర్పు దిబ్బే కళ్ల ముందు కదులుతోంది.

"కరిబసమ్మ గారూ, పని ఆపండి. మీ పడక వైపు నడవండి" అంది తోడు.

"ఒక్క జల్లెడే తోడూ."

"ఒక్కటి కూడా వద్దు. లేకపోతే పై ఆఫీసుకు తెలియజేస్తాను."

జల్లెడ కింద పెట్టేసి గబగబా మెట్లెక్కాను. సగం ఎక్కాక నారుమడి వెనక నుంచి నవ్వు వినిపించింది. మధులత.

నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లి పడుకున్నాను. లేచేసరికి పొద్దు వాలిపోతోంది, తలపోటు లేదు. కింద ఎర్రిస్వామన్నా ఫక్రుద్దీనూ బొరుగులు కలుపుకుని తింటూ, నిన్నటి బండి ముక్కు గురించి ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. అలా నవ్వగలిగారంటే భయం దిగిపోయినట్టే.

అప్పుడు విరూపాక్ష సార్‌కు ఫోను చేశాను. ముగ్గురినీ పక్కనే కూర్చోబెట్టుకున్నాను. వాళ్ల వెనక నేను మాట్లాడేది ఏమీ లేదు.

"సార్, బండి ఆపేసినాను. మీ వాన లోపల తూర్పు వాలు అయ్యేది కాదు."

ఆయన గొంతు లేచింది. "ఆపడానికి మీరెవరండీ? మబ్బు కదిలింది. నేను వెనక్కి పంపగలనా? ఆపడానికి మీరెవరు?" ఒకే మాట రెండుసార్లు. తర్వాత "చూడండి సరళ గారూ" అన్నారు.

నా పేరు సరళ కాదు. రెండు నెలలుగా నాతో మాట్లాడుతున్న మనిషి. పేపరు తిప్పుతున్న చప్పుడు వినిపించింది, ఆగింది, మళ్లీ అదే పేపరు తిప్పుతున్నట్టుంది. నిన్న ఎర్రిస్వామన్న చెప్పిన మాట నా చెవిలో ఉంది. చూస్తానే ఉండా, ఏం చూస్తాండానో తెలీలేదు.

"సార్, మీరు అన్నం తిన్నారా?" అన్నాను.

"ఏంటి?"

"తిన్నారా అని."

పేపరు కింద పెట్టేసిన చప్పుడు వినిపించింది.

"పొద్దున ఏదో తిన్నట్టున్నాను." గొంతు దిగిపోయింది. "సరళ నా పక్క సీటు ఆవిడ. కాన్పుకు వెళ్లింది. ఆవిడ బదులు ఎవరినీ వేయలేదు. వారం నుంచి ఇక్కడే ఉంటున్నాను, ఈ కుర్చీలోనే. నా పట్టీ మాత్రం ఆకుపచ్చగానే ఉంది."

"అది ఇప్పి పక్కన పెట్టండి సార్."

ఆయన నవ్వారో ఏడ్చారో తెలియలేదు. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. "అసలు మీ మబ్బును రెండుగా విడదీస్తే సరిపోయేది. ముందు సగం పడమటి వాలు మీద దింపి, మిగతా సగాన్ని బళ్లారి మీద ఆపుకుంటే ఆరుద్ర దాకా నిలుస్తుంది. కానీ విడదీసినంత సేపూ, రెండు రోజులు, గంట గంటకూ కింది గాలి ఎటు ఉందో మనిషి చూసి సరే అనాలి. యంత్రం మాట ఒక్కటే చాలదు. ఇద్దరు ఉంటే చేసేవాళ్లం. ఒక్కణ్ణి చేయలేక అసలు ఆ ఊసే మీకు ఎత్తలేదు."

మా బండి నెత్తిమీద గాలి కొలిచే కర్ర ఉంది. చూసి చెప్పడానికి నలుగురం ఉన్నాం. కానీ ఇప్పుడే విశ్రాంతి తీసుకోమని చెప్పి, ఇప్పుడే వాళ్ల తరఫున నేను ఒప్పుకుంటే ఎట్లా? ఫోను చేత్తో మూసి ముగ్గురి వైపు తిరిగాను.

"విన్న్యారు కదా. కుదరదంటే కుదరదని చెప్తా. ఎవరూ మొగమాట పడొద్దు."

"నలుగురం వంతులేసుకుంటే మనిషికి ఆరు గంటలు పడతాది" అన్నాడు ఫక్రుద్దీన్. "కూర్చుని గాలి చూసేదానికి ఏమి కష్టం?"

"బండి నడవదు కదా ఆ రెండు దినాలు?" మధులత అడిగింది.

"నడవదు."

"అయితే నాకు సరే."

ఎర్రిస్వామన్న ఫోను దగ్గరికి వంగి గట్టిగా అన్నాడు. "సారూ, గాలి సంగతి మేము చూసుకుంటాం. నువ్వు పోయి పడుకోపో!"

మృగశిర కార్తె, శుక్రవారం

గాలి చూసే వంతులు నడిచాయి. విరూపాక్ష సార్ మూడు నాలుగు గంటలకు ఒకసారి లేచి, మేం చెప్పినవి చూసి, స్తంభాలకు చెప్పి, మళ్లీ పడుకున్నారు. ఈ రోజు ఫోనులో నన్ను నా పేరుతోనే పిలిచారు.

మధ్యాహ్నం హిరేదిన్నెకు వెళ్లి ఊరివాళ్లకు చెప్పి వచ్చాను. తూర్పు వాలు పూర్తి కాలేదనీ, ఇప్పటికి వాన సగమే, అదీ పడమటి వాలు మీదే పడేలా చూస్తున్నామనీ, అయినా కొంత జారవచ్చనీ చెప్పాను. చిక్కణ్ణ అనే రైతు చేను దిబ్బ అంచుకు ఆనుకుని ఉంది. ఆయన నా మాటంతా విని, "ముందే చెప్పినారు, అది చాలు. చెనక్కాయలు పీకేస్తాం, ఉన్నకాడికి దక్కుతాయి" అన్నాడు. చాలదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

మృగశిర కార్తె, ఆదివారం

వాన పడింది. పడమటి వాలు మీద దాదాపు అనుకున్న చోటే పడింది. గడ్డి గళ్లు ఒక్కొక్కటీ ఒక చిన్న పళ్లెంలా నిండి, నిదానంగా ఇంకిపోయాయి. బండి కిటికీల్లోంచి నలుగురం చూశాం. మధులత గళ్లు నిండుతున్న కొద్దీ ఒక్కో వరుసకు చప్పట్లు కొట్టింది.

అంతా బాగా జరిగిందని రాస్తే అబద్ధం అవుతుంది. బండి దిగబడిన చోట నేల గుల్లబారి ఉంది. నీళ్లు అక్కడ పాయ కట్టి తూర్పు వైపుకు తెగాయి. ఇసుక చిక్కణ్ణ చేనులో ఒక మూల పరుచుకుంది. మొక్కలు కూడా కొన్ని కొట్టుకుపోయాయి. వాన వెలిసాక పారలు తీసుకుని వెళ్లాం. ఎవరినీ రమ్మని అడగలేదు, ముగ్గురూ వాళ్లంతట వాళ్లే వచ్చారు. ఊళ్లోవాళ్లు కూడా వచ్చారు. పొద్దు వాలే లోపు ఆ మూల సగానికి పైగా తేలింది. చిక్కణ్ణ భార్య రాగి సంగటీ ఊరిబిండీ తెచ్చి గట్టు మీద పెట్టింది. ఆ ఆకలికి ఎంత తిన్నామో ఆమే ఆశ్చర్యపోయింది.

మా పై ఆఫీసుకు జరిగినదంతా రాసి పంపాను. బండి ఆపింది నేనే అని రాశాను. సాయంత్రం విరూపాక్ష సార్ కూడా ఒక కాగితం పంపారట, మబ్బును విడదీసింది తనే అని. తొందర పని ఉత్తర్వులో పరిమితి పెంచే నియమం తీసేయమని ఇద్దరం విడివిడిగా రాశాం. రాసేటప్పుడు ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఆరుద్ర కార్తె, బుధవారం

తూర్పు వాలు ఈ రోజు పూర్తయింది. మామూలు నడకతోనే చేశాం. పొద్దున కూర్చోవడం మళ్లీ మొదలైంది. ఎర్రిస్వామన్న ఇప్పుడు తనంతట తానే "బసమ్మా, ఈ పూట నాకు స్టీరింగు వద్దు, కండ్లు మండుతాండాయి" అని చెబుతున్నాడు. చెప్పిన రోజు బండి నిలుపుతాం, వెనక నాటుడు పని చూసుకుంటాం. ఆయన గింజలు ఏరుతూ నీడలో కూర్చుంటాడు.

పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. నియమం గురించి ఆలోచిస్తారట. విచారణ అంటూ ఏమీ లేదు, మెచ్చుకోలూ లేదు. పట్టీలు మళ్లీ కట్టుకోమన్నారు. కట్టుకున్నాం. అవి మంచివే, వాటిని మాత్రమే చూస్తూ ఉండిపోకపోతే చాలు.

మేఘాల ఆఫీసులో సరళ గారి సీటులోకి ఒకావిడ వచ్చిందట. మాలిని అని. ఫోనులో గొంతు చురుగ్గా ఉంది.

ఆరుద్ర కార్తె, శనివారం

రెండో సగం వాన ఈ రోజు. పొద్దున్నే ఒక జీపు వచ్చి దిబ్బ కింద ఆగింది. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి దిగాడు. చొక్కా ఇస్త్రీ మడతలు చెదరలేదు. గొంతు విన్నాక గానీ విరూపాక్ష సార్ అని పోల్చుకోలేదు.

"సెలవు పెట్టి వచ్చాను. వాన చూద్దామని" అన్నారు.

"మీరు చూడని వానా సార్?" అంది మధులత.

"తెర మీద చూస్తాను. ఇన్నేళ్లు పంపించాను గానీ, నేను పంపిన దాంట్లో ఎప్పుడూ తడవలేదమ్మా. వాన పడేటప్పుడు నేను కుర్చీలో ఉండాలి కదా."

బళ్లారి వైపు నుంచి మబ్బు వచ్చింది. మొదట దుమ్ము వాసన, తర్వాత పెద్ద పెద్ద చినుకులు. లోపలికి రమ్మన్నాం, రాలేదు. చెప్పులు విడిచి, ప్యాంటు మడుచుకుని, తూర్పు వాలు మీద గళ్ల మధ్య నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చేతులు చాచలేదు, నవ్వలేదు, ఏమీ చేయలేదు. ఊరికే నిలబడి ముఖం పైకెత్తారు. ఫక్రుద్దీన్ ఒక గొడుగు తీసుకుని బయలుదేరి, సగం దూరం వెళ్లి, ఆయన్ని చూసి, గొడుగు ముడిచేసి తనూ తడుస్తూ నిలబడ్డాడు. కాసేపటికి నేనూ మధులతా కూడా దిగాం. ఎర్రిస్వామన్న మాత్రం మెట్టు మీద కూర్చుని కాళ్లు తడుపుకున్నాడు.

ఇసుక జారలేదు. కింద చిక్కణ్ణ తన చేని గట్టు మీద నిలబడి, మా వైపు చేయెత్తి ఊపాడు.

వాన తగ్గాక సార్‌కు ఎర్రిస్వామన్న పొడి బట్టలు ఇచ్చాం. లుంగీ పొట్టి అయింది. వేడివేడి చారు అన్నం తిని, నారుమడి పక్కన అరుగు మీద ఒక్క క్షణం ఒరుగుతానన్నారు. తల ఆనించడం ఆలస్యం, నిద్రపోయారు. నోరు కొంచెం తెరిచి, చంటి పిల్లాడిలా.

సాయంత్రం ఆయన ఫోను మోగింది. తీసుకుని బండి చివరికి వెళ్లి ఎత్తాను. మాలిని గారు.

"విరూపాక్ష సార్ అక్కడ ఉన్నారా?"

"ఉండారు. నిద్రపోతాండారు."

లేపమంటుందేమోనని జవాబు సిద్ధం చేసుకున్నాను.

"మంచిదండీ. లేపకండి" అందావిడ. "గుంతకల్లు గాలి సంగతి ఆయన్ని అడుగుదామనుకున్నాను. నేను చూసుకుంటాను."

ఫోను తెచ్చి ఆయన తల దగ్గర పెట్టాను. పంపు ఈ సాయంత్రం విప్పి కడగాల్సి ఉంది. ఫక్రుద్దీన్ స్పానరు చేతిలో పట్టుకుని అరుగు వైపు చూశాడు, పంపు వైపు చూశాడు, స్పానరు మెల్లగా డబ్బాలో పెట్టేశాడు.

"రేపు చూస్తానులేక్కా. శానా సప్పుడు అవుతాది."